బేగంపేటకు రాని విమానం

విమానాల చరిత్ర అనగానే మనకు గెలిచిన విమానాల పేర్లే జ్ఞాపకం వస్తాయి. గెలిచినవాటిని ఎక్కినవారు ఉంటారు, నడిపినవారు ఉంటారు, వాటి ఛాయాచిత్రాలు ఇళ్ళలో గోడలమీద వ్రేలాడుతూ ఉంటాయి. కర్మాగారం గడప దాటి, ఆకాశానికి ఎగిరి, ఎగరగలమని నిరూపించుకొని కూడా లోకం చేత అక్కరలేదనిపించుకొన్న విమానాలు మరికొన్ని ఉన్నాయి. అటువంటివాటిని పట్టించుకొనేవారు తక్కువ. కాని పండిన పంట కంటె ఎండిన పైరే ఆ ఏటి వానల సంగతి బాగా చెబుతుంది. అందుచేత ఈ ప్రసంగంలో మేము అటువంటి ఒక ఎండిన పైరును గురించి ముచ్చటించదలచినాము. దాని పేరు కంకార్డియా. అది ఇంగ్లండులో 1947లో పుట్టి, ఆ సంవత్సరంలోనే ఆగిపోయిన చిన్న ప్రయాణీకుల విమానం.

ఎక్కడో ఇంగ్లండులో ఆగిపోయిన విమానంతో మనకేమి పని అని శ్రోతలు అడుగవచ్చును. ఖైరతాబాదు, పంజగుట్ట, అమీర్‌పేట ప్రాంతాలలో నివసించినవారికి విమానపు మ్రోత కొత్త కాదు. 2008 మార్చి నెలలో శంషాబాదు విమానాశ్రయం తెరిచేవరకు హైదరాబాదుకు వచ్చిపోయే విమానాలన్నీ వారి ఇరుగుపొరుగున ఉన్న బేగంపేటలోనే దిగినవి, అక్కడినుండే లేచినవి. ఆ మ్రోత చాలాకాలం ఎవరిది? డకోటా అనే అమెరికా విమానానిది. కంకార్డియాను పుట్టినచోటనే అణచివేసినది కూడ ఆ డకోటాయే. కంకార్డియాను కొనదలచిన బహు కొద్దిమందిలో ఒకరు భారతదేశపు సంస్థానాధీశుడు. దానిని నిర్మించిన సంస్థాధిపతి జీవితానికీ గుంటూరు మండలపు పొగాకుకూ కూడ ఒక పోగు కలుస్తున్నది. కనుక ఈ కథ పూర్తిగా పరాయి కథ కాదు.

ముందుగా మన ఆకాశం సంగతి చూద్దాము. హైదరాబాదు సంస్థానానికీ బ్రిటిష్ విమానాలకూ సంబంధం మొదటి ప్రపంచ యుద్ధకాలం నాటిది. 1918లో బ్రిటిష్ వైమానిక దళంలో 110వ దళానికి ఇచ్చిన డి.హెచ్. 9ఏ విమానాలు నిజాము బహూకరించినవి. ఆ కారణంచేతనే ఆ దళానికి హైదరాబాదు పేరు చేరినది. అనగా హైదరాబాదు నేలమీద విమానాలు సక్రమంగా దిగడానికి ఎన్నో ఏండ్లు ముందుగానే హైదరాబాదు ధనం పరదేశపు ఆకాశంలో ఎగిరినదన్నమాట.

తరువాత 1932 అక్టోబరు 15వ తేదీన టాటా సంస్థవారి తపాలా విమానం బయలుదేరినది. కరాచీ నుండి బొంబాయి వరకు జె.ఆర్.డి. టాటా స్వయంగా నడిపారు. అక్కడినుండి బళ్ళారి మీదుగా మదరాసు వరకు నెవిల్ విన్సెంటు నడిపారు. వారు వాడిన పుస్ మాత్ అనే ఒంటి ఇంజను విమానం ఇంగ్లండులో తయారైనది. ఒక మనిషి, కొన్ని తపాలా సంచులు, అంతే దాని బరువు. అయినను ఆ చిన్న విమానమే దక్షిణాపథానికి ఆకాశమార్గం వేసినది. కొద్ది సంవత్సరాలకు ఆ మార్గం హైదరాబాదు మీదుగా సాగినది. ఆనాడు ఎవరికీ పెద్ద విమానం కావాలని తోచలేదు. ఊరికి తగిన విమానం, బరువుకు తగిన ఇంజను అనే పద్ధతిలో పనులు సాగినవి.

ఈలోగా హైదరాబాదు సంస్థానంలో మరొక విశేషం జరిగినది. 1932 జూన్ నెలలో నిజాం స్టేట్ రైల్వేవారు రోడ్డు రవాణా శాఖ నొకదానిని నెలకొల్పి 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రయాణీకుల రవాణా ఆరంభించారు. తరువాత విమాన రవాణాను కూడ ఆ రైల్వే తన పరిధిలోనికి తెచ్చుకొన్నది. రైలు, బస్సు, విమానం ఈ మూడింటికీ యజమాని ఒకరే కావడం ఆ రోజులలో అపురూపమైన ఏర్పాటు. రైలు వెళ్ళని ఊరికి బస్సు వెళ్ళవచ్చును. బస్సుకు రెండు దినాలు పట్టేచోటికి విమానం వెళ్ళవచ్చును. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదానిలో వచ్చిన లాభం పూడ్చవచ్చును. ఈ ఏర్పాటును శ్రోతలు గుర్తుంచుకోవలెనని మా మనవి. దీని అవసరం ముందు ముందు వస్తుంది.

యుద్ధం ముగిసే తరుణంలో, 1945లో, బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ అనే సంస్థ ఏర్పడినది. అందులో అధిక భాగం నిజాం ప్రభుత్వానిది, తక్కినది టాటా సంస్థవారిది. హైదరాబాదు సంస్థానానికి సముద్రతీరం లేదు, రేవు లేదు. అటువంటి రాజ్యానికి ఆకాశమే రేవు. కనుక ప్రభుత్వం ఈ విషయంలో ఉత్సాహం చూపడంలో వింత లేదు. సంస్థ సరే, ఏ విమానాలతో నడపడం? ఈ ప్రశ్నకు సమాధానం హైదరాబాదులో కాక యుద్ధం మిగిల్చిన సరకుల గుట్టలలో దొరికినది. ఆ సంగతికి రాక ముందు ఒకసారి ఇంగ్లండుకు వెళ్ళి రావలె.

రెండవ ప్రపంచయుద్ధం నడుస్తుండగానే, 1942 డిసెంబరులో, బ్రిటిష్ ప్రభుత్వం లార్డ్ బ్రబజాన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. యుద్ధానంతరం ఇంగ్లండు ఏయే ప్రయాణీకుల విమానాలను నిర్మించుకోవాలో ఆలోచించడం ఆ సంఘం పని. యుద్ధకాలంలో బ్రిటిష్ కర్మాగారాలు యుద్ధ విమానాలకూ బాంబర్లకూ అంకితమైపోయినవి. రవాణా విమానాల నిర్మాణం చాలావరకు అమెరికాకు దక్కినది. ఈ వెనుకబాటును పూడ్చుకోవాలన్నది వారి పట్టుదల. మహాసముద్రాలు దాటే భారీ విమానాలు మొదలు పదిమందిలోపు ప్రయాణీకులను మోసే చిన్న విమానాలవరకు ఆ సంఘం సూచనలలో ఉన్నాయి.

చిన్న విమానాల అవసరం ఎందుకు కలిగినది? యుద్ధానికి పూర్వం ఆ పని చేసినది డ్రాగన్ రాపిడ్ అనే విమానం. రెండు రెక్కల వరుసలు, చెక్క చట్రం, పైన గుడ్డ, రెండు ఇంజనులు, ఎనమండుగురు ప్రయాణీకులు. 1934లో మొదటిసారి ఎగిరిన ఈ విమానం అప్పటికే పాతబడినది. దాని స్థానంలో లోహంతో చేసిన కొత్త విమానం రావాలని అందరి కోరిక. ఆ కోరికను తీర్చడానికి డి హావిలాండు సంస్థ డవ్ అనే విమానాన్ని తయారుచేసినది. అది 1945 సెప్టెంబరు 25వ తేదీన ఎగిరి, అయిదువందలకు పైగా తయారై, మన వైమానిక దళంలో కూడ డెవన్ అనే పేరుతో కొలువు చేసినది. అయితే డి హావిలాండు చాలా పెద్ద సంస్థ. ఆ కోరికనే నమ్ముకొని, ప్రభుత్వ ప్రణాళికతో నిమిత్తం లేకుండా, సొంత సొమ్ముతో ముందుకు దూకిన చిన్న సంస్థలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి కన్లిఫ్-ఓవెన్ సంస్థ.

ఇంగ్లండు దక్షిణ తీరంలో సౌథాంప్టన్ నగరం దగ్గర ఈస్ట్లీ విమానాశ్రయం ఉన్నది. స్పిట్‌ఫైర్ అనే ప్రఖ్యాత యుద్ధవిమానం 1936 మార్చి 5వ తేదీన మొదటిసారి ఎగిరినది ఆ నేలనుండే. ఆ విమానాశ్రయం అంచున సర్ హ్యూగో కన్లిఫ్-ఓవెన్ తన పేరున విమాన కర్మాగారాన్ని నెలకొల్పారు. యుద్ధకాలంలో ఆ కర్మాగారం ఇతర సంస్థల విమానాలను బాగుచేయడం, మార్పులు చేయడం, నౌకాదళానికి సీఫైర్ విమానాలను నిర్మించడం వంటి పనులతో తీరిక లేకుండా నడిచినది.

సర్ హ్యూగో విమానాల వ్యాపారంతో పెరిగినవారు కారు. వారి కీర్తి పొగాకు వ్యాపారంలో. బ్రిటిష్ అమెరికన్ టొబాకో సంస్థకు 1923 నుండి 1945 వరకు వారు అధ్యక్షులు. గుంటూరు, చీరాల ప్రాంతాలలో ఐ.ఎల్.టి.డి. అనే మూడు నాలుగు అక్షరాలు తెలియని పొగాకు రైతు లేడు. 1912లో ఏర్పడిన ఆ ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఈ బ్రిటిష్ సంస్థల కుటుంబంలోనిదే. మన రైతు బ్యారన్‌లో కాల్చి, గ్రేడు కట్టి, చీరాల చేర్చిన ఆకు ఏ సామ్రాజ్యపు ఖాతాలో చేరినదో, ఆ సామ్రాజ్యానికి ఇరవైరెండు సంవత్సరాలు పెద్దగా ఉన్నవారు ఈ విమానానికి కూడ పెద్ద. లోకంలో సొమ్ము నడిచే దారులు విమానాలు నడిచే దారుల కంటె చిక్కయినవి.

ఇక విమానం సంగతి. కంకార్డియా పూర్తిగా లోహనిర్మితం. ఒకే రెక్క, అది శరీరానికి అడుగుభాగాన అమరి ఉంటుంది. రెండు ఇంజనులు. ఒక్కొక్కటి సుమారు 550 అశ్వశక్తి గల లియొనైడ్స్ ఇంజను. దీనిని కవెంట్రీ నగరంలోని ఆల్విస్ సంస్థ తయారుచేసినది. తొమ్మిది సిలిండర్లు చక్రపు ఆకులవలె చుట్టూ అమర్చి, గాలితో చల్లబడే ఏర్పాటు అందులో ఉన్నది. ప్రయాణీకులకు పది ఆసనాలు. చక్రాలు ఎగిరిన తరువాత లోపలికి ముడుచుకొంటాయి. వాటిలో ఒకటి ముక్కు క్రింద ఉంటుంది. ఈ చివరి విషయం చిన్నదిగా కనబడినా ప్రయాణీకులకు ముఖ్యమైనది. డకోటాకు మూడవ చక్రం తోక క్రింద ఉండేది. అందుచేత అది నేలమీద ఆగినప్పుడు ముక్కు పైకెత్తి నిలిచేది. లోపలికి ఎక్కినవారు మెట్ట ఎక్కినట్లు ఆసనాల మధ్య నడవవలసి వచ్చేది. ముక్కు చక్రం ఉన్న కంకార్డియాలో నేల సమతలంగా ఉంటుంది. విమానం నడిపేవానికి కూడ నేలమీద దారి ఎదురుగా కనబడుతుంది.

1947 మే 19వ తేదీన కంకార్డియా తొలిసారి ఈస్ట్లీ నుండి ఎగిరినది. ఆ వేసవి ఇంగ్లండులో చిన్న విమానాల వేసవి అని చెప్పవచ్చును. అంతకు పది దినాల ముందే, మే 9వ తేదీన, పెర్సివల్ సంస్థవారి మెర్గాన్సర్ ఎగిరినది. అది అయిదుగురు ప్రయాణీకులకు ఉద్దేశింపబడినది. జూన్ 18వ తేదీన పోర్ట్స్‌మత్ సంస్థవారి ఏరోకార్ ఎగిరినది. ఆరు వారాలలోపల మూడు కొత్త విమానాలు! మూడింటి లక్ష్యమూ ఒకటే. పెద్ద నగరంనుండి చిన్న పట్టణానికి కొద్దిమందిని తీసుకొనిపోవడం. ఆశ్చర్యమేమంటే ఆ మూడింటిలో ఒక్కటికూడ వరుస ఉత్పత్తికి నోచుకోలేదు. మెర్గాన్సర్‌కు తగిన ఇంజనులు దొరకలేదు, ఒక్క విమానంతో ఆగినది. ఏరోకార్ కూడ ఎగిరినది ఒక్కటే. కంకార్డియాలు రెండు.

కంకార్డియాకు వచ్చిన ఆర్డర్లను వ్రేళ్ళమీద లెక్కించవచ్చును. బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ సంస్థకు రెండు, భోపాలు నవాబుకు ఒకటి. మొదటి విడతగా ఆరు విమానాలు నిర్మించడానికి కర్మాగారం పూనుకొన్నది. అప్పటి భోపాలు నవాబు హమీదుల్లా ఖాన్. సంస్థానాధీశుల మండలికి అధ్యక్షత వహించి పేరు పొందినవాడు. భోపాలుకూ హైదరాబాదుకూ ఒక పోలిక ఉన్నది. రెండూ భూభాగం నడుమ చిక్కుకొన్న సంస్థానాలు, రెండింటికీ రేవులు లేవు, రెండింటి భవితవ్యమూ 1947లో త్రాసులో ఊగుతున్నది. అటువంటి తరుణంలో ఒక పాలకుడు పదిమంది కూర్చొనే విమానం కోరినాడంటే దానిని విలాసమని త్రోసివేయలేము. రాజధానికి రాజధానికి మధ్య మాటలు నడిచే కాలం అది. పైగా ఆ విమానానికి పెట్టిన పేరు రోమనుల పురాణాలలో సామరస్యానికి అధిదేవత పేరు. ఆ సంవత్సరం ఆ దేవత మన దేశంవైపు చూడలేదు.

భోపాలుకు ఆ విమానం చేరలేదు. 1947 నవంబరు 18వ తేదీన సంస్థ పని నిలిపివేసినది. కొనేవారు చాలినంతమంది లేరన్నదే కారణం. తరువాత నెల తిరగకముందే, డిసెంబరు 14న, సర్ హ్యూగో మరణించారు. నిర్మించిన రెండు విమానాలనూ తరువాత విరుగగొట్టి లోహపు ముక్కలు చేశారు. కర్మాగారపు భవనాలు మోటారు బండ్ల పరిశ్రమకు పోయి, చివరకు ఫోర్డ్ సంస్థవారి ట్రాన్సిట్ వాన్లు అక్కడ తయారైనవి. ఆ ఉత్పత్తికూడ 2013లో ముగిసినది. ఆల్విస్ ఇంజను మాత్రం బ్రతికి బయటపడినది. పెర్సివల్ సంస్థ తన మెర్గాన్సర్‌ను పెంచి ప్రిన్స్ అనే విమానం చేసి 1948లో ఎగురవేసినప్పుడు దానికి అమర్చినది ఈ లియొనైడ్స్ ఇంజనే. పైరు ఎండినా గింజ మరొకరి పొలంలో మొలచినదన్నమాట.

కంకార్డియా ఎందుకు ఓడినది? ఈ ప్రశ్నకు సమాధానం ఆకాశంలో వెదకవలసిన పనిలేదు. జమాఖర్చుల పుస్తకంలో ఉన్నది. యుద్ధకాలంలో అమెరికా పదివేలకు పైగా డకోటాలను నిర్మించినది. యుద్ధం ముగియగానే అవి అవసరం తీరిన సామగ్రి అయిపోయినవి. భారతదేశంలో కూడ అమెరికా సేనలు వదలిపెట్టిన విమానాలు గుంపులు గుంపులుగా మిగిలినవి. వాటిని కొత్త విమానపు వెలలో స్వల్పభాగానికి అమ్మివేశారు. బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారంలో సైనిక విమానాలను ప్రయాణీకుల విమానాలుగా మార్చే పని జోరుగా సాగినది. డకోటాలో ఇరవైకి మించి ఆసనాలు అమర్చవచ్చును. కంకార్డియాలో పది. రెండింటికీ రెండేసి ఇంజనులు కావలె, నడిపేవారు కావలె, నేలమీద మరమ్మతులు చేసేవారు కావలె. డకోటా పెట్రోలు ఎక్కువ త్రాగుతుందన్నమాట నిజమే. కాని కొత్త విమానానికి అచ్చవలసిన అప్పుమీద వడ్డీ పెట్రోలు ఖర్చును మించిపోతుంది. సగం ఆసనాలు ఖాళీగా ఎగిరిన డకోటా కూడ నిండుగా ఎగిరిన కంకార్డియాకు సమానం కాగా, కొత్తదానికి మూడు నాలుగింతలు వెల పోయడానికి ఏ సంస్థ ముందుకు వస్తుంది?

దీనికి తోడు 1947 ఇంగ్లండుకు గడ్డు సంవత్సరం. తొలి నెలలలో మంచు, బొగ్గు కరవు. ఆగస్టులో పౌనుకు డాలరు మార్పిడి నిలిపివేయవలసిన ధనసంకటం. చిన్న సంస్థకు నష్టం భరించి రెండేండ్లు ఎదురుచూచే ఓపిక ఎక్కడినుండి వస్తుంది? ఒక విచిత్రం చెప్పి ఈ భాగం ముగిస్తాము. ఏ డ్రాగన్ రాపిడ్‌ను ఇంటికి పంపడానికి ఈ కొత్త విమానాలన్నీ పుట్టినవో, ఆ రాపిడ్ మాత్రం ఇంగ్లండు కొసనుండి సిలీ దీవులకు 1964 వరకు ప్రయాణీకులను చేరవేస్తూనే ఉన్నది. వారసుడు గతించినాడు, తాత కొలువు చేశాడు.

ఇప్పుడు బేగంపేటకు తిరిగి వద్దాము. డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలనే నమ్ముకొన్నది. ఆ నమ్మకం తప్పు అని మేము అనడం లేదు. డకోటా మొండి ఘటం. గడ్డినేలమీద దిగేది, దుమ్ములో లేచేది. దేశ విభజన నాడు కాందిశీకులను మోసినది, 1947 అక్టోబరు 27న శ్రీనగరానికి మన సైనికులను చేర్చినది డకోటాలే. 1949 జనవరి 30న నాగపూరు కేంద్రంగా మొదలైన రాత్రి తపాలా సేవలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసు నగరాల ఉత్తరాలు ఒకే రాత్రిలో చేతులు మారినవి. ఆ పనికూడ డకోటాలదే. మరొక గౌరవం డెక్కన్ ఎయిర్‌వేస్‌కు ప్రత్యేకంగా దక్కినది. మన దేశంలో వాణిజ్య విమానాలు నడిపే అనుమతి పొందిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఇతర సంస్థలు తలుపులు మూసినప్పుడు తలుపు తీసినది ఈ హైదరాబాదు సంస్థే. యంత్రాలు పాతవైనంత మాత్రాన మనుషులు పాతబడనక్కరలేదని బేగంపేట నిరూపించినది.

అయితే డకోటా వెంట ఒక అలవాటు కూడ వచ్చినది. ఇరవై ఆసనాలున్న విమానానికి ఇరవైమంది దొరికే ఊళ్ళే కనబడతాయి. హైదరాబాదు, మదరాసు, బెంగుళూరు, ఢిల్లీ, బొంబాయి కనబడతాయి. ఆరుగురు, ఎనమండుగురు దొరికే ఊళ్ళు కనబడవు. చవక విమానాలు దొరకడంతో దేశంలో విమాన సంస్థలు పుట్టగొడుగులవలె లేచి, ఆ కొద్దిపాటి నగరాల నడుమనే ఒకదానితో ఒకటి పోటీపడినవి. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన జరిగిన విచారణలో, సంస్థలు అవసరానికి మించి ఉన్నవని తేలినది. చివరకు 1953 ఆగస్టు 1వ తేదీన ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌గా మారినవి. ఆ ఎనిమిదింటిలో డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. కొత్త కార్పొరేషన్‌కు సంక్రమించిన 99 విమానాలలో 74 డకోటాలే. దేశపు ఆకాశమంతా ఒకే కొలత చొక్కా తొడుక్కొన్నది.

కంకార్డియా వచ్చి ఉంటే చిన్న ఊళ్ళకు విమానాలు నడిచేవా? అంత తేలికగా అవునని చెప్పలేము. ఆ ప్రయత్నాలు తరువాత జరుగకపోలేదు. 1950 దశకంలో కార్పొరేషన్ డి హావిలాండు హెరాన్ అనే చిన్న విమానాలను కొని కొంతకాలం నడిపి విరమించినది. 1981లో చిన్న పట్టణాలకోసమే వాయుదూత్ అనే సంస్థ ఏర్పడినది. డోర్నియర్ విమానాలు రాజమండ్రి వంటి ఊళ్ళలో దిగినవి. నష్టాలు పెరిగి 1990 దశకంలో ఆ సంస్థ కనుమరుగైనది. మన దేశంలోనే రూపొందిన 14 ఆసనాల సరస్ విమానం 2004 మే 29న ఎగిరినది. 2009 మార్చి 6న బెంగుళూరు సమీపంలో జరిగిన ప్రమాదంలో దాని రెండవ నమూనా కూలి ముగ్గురు వైమానికులు మరణించారు. ఆ విమానం ఉత్పత్తికి చేరలేదు. అరవై సంవత్సరాల అంతరంతో కంకార్డియా కథ మన గడ్డమీద, మరింత విషాదంగా, మళ్ళీ జరిగినదన్నమాట. కనుక లోపం ఒక్క విమానంలో లేదు. చిన్న విమానం తన ఖర్చును తాను ఒంటరిగా సంపాదించుకోవడం ఏ కాలంలోనైనా కష్టమే.

ఇక్కడ మేము మొదట గుర్తుంచుకోమని కోరిన ఆ హైదరాబాదు ఏర్పాటును స్మరించవలసి ఉన్నది. ఒంటరిగా బ్రతుకలేని చిన్న విమానం ఉమ్మడి కుటుంబంలో బ్రతుకగలదు. రైలు, బస్సు, విమానం ఒకే యజమాని చేతిలో ఉన్నప్పుడు విమానంలో ఎందరు ఎక్కినారు అనేది ఒక్కటే లెక్క కాదు. ఆ ఊరినుండి విమానంలో వచ్చి రైలు ఎక్కినవారు ఎందరు, తపాలా ఎంత, అక్కడి బజారుకు కలిగిన లాభమెంత అనేవి కూడ లెక్కకు వస్తాయి. అటువంటి లెక్క వేయగల ఏర్పాటు మన దేశంలో హైదరాబాదుకు ఉన్నది. కాని ఆ లెక్క వేయడానికి తగిన చిన్న విమానం దొరకలేదు. దొరుకుతుందనుకొన్న కాలానికి ఆ ఏర్పాటే చెదరిపోయినది. 1951 నవంబరు 1న బస్సులు హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్ళినవి. ఆ నెల 5వ తేదీన రైలు కేంద్ర ప్రభుత్వపు సెంట్రల్ రైల్వేలో కలిసినది. 1953లో విమానం కార్పొరేషన్‌లో చేరినది. ఉమ్మడి కుటుంబం వేరుపడి మూడు పొయ్యిలు రగిలినవి. దేశం ఏకం కావడానికి అది అవసరమే కావచ్చును. ఆ మార్పువలన దేశానికి కలిగిన మేలును మేము కాదనము. కాని ఏదైనా పెద్ద మేలు జరిగినప్పుడు దాని చాటున చెదరిపోయిన చిన్న మేలును ఒకసారి పేరుపెట్టి పిలవడం చరిత్ర చెప్పేవారి విధి.

ఆ ఉమ్మడి లెక్కకు మళ్ళీ ఒక రూపం వచ్చినది చాలాకాలం తరువాతనే. 2017 ఏప్రిల్ 27న కేంద్ర ప్రభుత్వం ఉడాన్ పథకం క్రింద తొలి విమానాలను ప్రారంభించినప్పుడు సిమ్లా–ఢిల్లీ మార్గంతోపాటు కడప–హైదరాబాదు, నాందేడు–హైదరాబాదు మార్గాలు కూడ ఉన్నాయి. ఆ పథకపు కీలకం ఏమిటంటే, పెద్ద నగరాల మధ్య నడిచే విమానాలనుండి కొంత రుసుము వసూలుచేసి, చిన్న ఊళ్ళకు నడిచే విమానాల నష్టాన్ని పూడ్చడం. సగం ఆసనాలకు సుమారు గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి పెట్టారు. అనగా పెద్దన్న సంపాదనలో తమ్ముడికి పాలు పెట్టడం. ఇదీ నిష్కంటకంగా నడవలేదు. కడప మార్గాన్ని ఆరంభించిన హైదరాబాదు సంస్థ 2022లో ఎగరడం మానుకొన్నది. పైగా ఆ మార్గంలో ఎగిరినవి సుమారు డెబ్బది ఆసనాల విమానాలు. పదిమంది ఊరికి పదిమంది విమానం అనే కంకార్డియా మాట ఇంకా తీరని మాటగానే మిగిలినది. వరంగల్లు చెంత మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయం ఉన్నది. అక్కడ ప్రయాణీకుల రాకపోకలు నిలిచిపోయి దశాబ్దాలు గడిచినవి.

ఒక యంత్రం మంచిదా కాదా అని నిర్ణయించేది ఇంజనీరు అని మనం అనుకొంటాము. యంత్రం ఎగురుతుందా లేదా అన్నంతవరకే ఇంజనీరు మాట చెల్లుతుంది. అది ఎవరికోసం ఎగరవలెనో నిర్ణయించేది లెక్కలు వ్రాసేవారు, ఆ లెక్కలో ఏ ఊళ్ళను చేర్చవలెనో నిర్ణయించేది పాలకులు. 1947లో రెండు కంకార్డియాలు తాము ఎగరగలమని చూపినవి. వాటిని ముక్కలు చేయడానికి వాటి రెక్కలలో లోపం కారణం కాలేదు. ఎనమండుగురు ప్రయాణీకులున్న ఊరిని ఊరుగా లెక్కించే పద్దు అప్పటికి ఎవరి పుస్తకంలోనూ లేకపోవడమే కారణం. నేడు బేగంపేటలో సాధారణ ప్రయాణీకుల విమానాలు దిగడం లేదు. రెండేండ్ల కొకసారి జరిగే విమాన ప్రదర్శనకు దేశదేశాల కొత్త విమానాలు వచ్చి అక్కడ వరుసగా నిలుస్తాయి. ఖైరతాబాదునుండి, అమీర్‌పేటనుండి చూడడానికి వెళ్ళే కుటుంబాలు పెద్ద విమానం చుట్టూ గుమిగూడటం సహజమే. కాని ఆ వరుస చివర పది, పందొమ్మిది ఆసనాల చిన్న విమానమేదైనా కనబడితే, దానిదగ్గర కూడ ఒక నిమిషం నిలిచి, ఇది మన జిల్లాలో ఏ ఊరికి వెళుతుంది అని అడుగవలెనని మా మనవి.